దెయ్యం ఎక్కడ ఉంటుంది? తెలుగు హారర్ సినిమాల మీద ఒక ప్రసంగం

(మా ఊరి గ్రంథాలయం హాల్లో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మాస్టారూ, మీరు ఆ ఫ్యాను కింద కూర్చోండి.

ముందుగా మిమ్మల్నే ఒక ప్రశ్న అడుగుతాను. మీరు చూసిన సినిమాల్లో దెయ్యం ఎక్కడ ఉండేది? గుర్తు తెచ్చుకోండి. ఎక్కడ ఉండేది? శ్మశానం అంటున్నారు పెద్దాయన. పాడుబడ్డ బంగళా అని అటు నుంచి వినిపించింది. ఆ అమ్మాయి బాత్‌రూమ్ అద్దం అంటోంది. చూశారా, వయసును బట్టి జవాబు మారిపోతోంది. ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నది ఈ తేడా గురించే.

హారర్ సినిమా ఎలా మారింది అని అడిగితే గ్రాఫిక్స్ మారాయంటారు, సౌండ్ మారిందంటారు. మారాయి. కానీ అంతకంటే పెద్ద మార్పు దెయ్యం ఉండే చోటు మారడం. అది ఊరి బయట ఉన్నంతకాలం మనం చూడటానికి వెళ్లేవాళ్లం. తర్వాత అదే మన ఇంటికి వచ్చింది. చోటు మారేసరికి ఎవరు భయపడాలి, ఎవరిని చూసి భయపడాలి అన్నది కూడా మారిపోయింది. నేను తెలుగు సినిమా గురించే ఎక్కువ మాట్లాడతాను. ఇంగ్లీషు హారర్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మన దెయ్యాల గురించి మనమే మాట్లాడుకోవాలి కదా?

మొదట్లో మనకు విడిగా హారర్ అన్నదే లేదు. 1951లో పాతాళభైరవి వచ్చింది. అందులో నేపాళ మాంత్రికుడు, ఎస్వీ రంగారావు గారు, ఆ గొంతు, ఆ చూపు. పిల్లలు జడుసుకునేవాళ్లు. కానీ అది జడిపించడానికి తీసిన సినిమా కాదు. భయం, ఆశ్చర్యం, నవ్వు, పాటలు అన్నీ ఒకే విస్తట్లో వడ్డించేవాళ్లు. మాంత్రికుడు ఉండేది ఎక్కడో గుహలో. మన ఇంటికి రాడు. ఆ ధైర్యంతోనే చూసేవాళ్లం.

అదే కాలంలో హిందీలో ఇంకో దారి మొదలైంది. 1949లో మహల్, 1962లో బీస్ సాల్ బాద్, 1964లో వో కౌన్ థీ. తెల్లచీర, పొగమంచు, దూరం నుంచి ఒక ఆడగొంతు పాట. వో కౌన్ థీ కథే మన దగ్గరికి 1966లో ఆమె ఎవరు? అన్న పేరుతో వచ్చింది, జగ్గయ్య గారు, జయలలిత గారు చేశారు. ఈ సినిమాల్లో గమనించాల్సింది ఒకటుంది. చివరికి దెయ్యం ఉండదు. ఎవరో మనిషి, ఆస్తి కోసమో, పగ కోసమో, ప్రేమ కోసమో ఆడిన నాటకం అని తేలుతుంది. రెండు గంటలు భయపెట్టి, ఆఖర్న లైటు వేసి, చూడండి, మనిషే చేశాడు అని చూపించేవాళ్లు. చాలా ఏళ్ల తర్వాత 1985లో వంశీ గారి అన్వేషణ కూడా ఆ దారిలోనే నడిచింది. అడవిలో పులి చంపుతోందని అందరూ అనుకుంటారు, చంపేది మనిషి. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు దర్శకుడు విఠలాచార్య గారు. ఈ పేరు వినగానే ముందు వరసలో ముఖాలు వెలిగాయి. జానపద బ్రహ్మ అని ఊరికే అనలేదు ఆయన్ని. 1978, జగన్మోహిని. జయమాలిని గారు, నరసింహరాజు గారు. మా ఊరి టూరింగ్ టాకీసులో నేల క్లాసులో కూర్చుని చూశాను. ఆ సీను ఎవరికి గుర్తుంది? పొయ్యి సీను! అవును. దెయ్యం వంట చేస్తూ కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెడుతుంది. కాళ్లు మండుతుంటాయి, ఆమె మామూలుగా వంట చేసుకుంటూ ఉంటుంది.

ఈ సీను గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడనివ్వండి. నా దృష్టిలో తెలుగు సినిమా తీసిన గొప్ప భయం సీన్లలో ఇది ఒకటి. ఎందుకు? అందులో అరుపు లేదు, చీకటి లేదు, రక్తం లేదు. వంటిల్లు ఉంది. పొయ్యి ఉంది. మన అమ్మ, అమ్మమ్మ రోజూ కూర్చునే చోటు అది. అక్కడ కూర్చున్నది మనిషి కాదు అని తెలిసిపోతుంది. ఆ రాత్రి ఇంటికెళ్లి మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుంటే నేను ఆవిడ కాళ్ల వంకే చూశాను. నాలాగా చూసిన పిల్లలు ఎంతమందో! దెయ్యం మొదటిసారి ఇంట్లోకి అడుగుపెట్టింది 1978లో, అదీ వంటింట్లోకి అని నేనంటాను.

ఆ రోజుల్లో కంప్యూటర్ లేదు. అన్నీ కెమెరా ట్రిక్కులే. మనిషి మాయం కావాలంటే కెమెరా ఆపుతారు, ఒకళ్లని ఫ్రేములోంచి పంపించేస్తారు, మిగతావాళ్లు ఊపిరి బిగబట్టి కదలకుండా ఉంటారు, మళ్లీ కెమెరా తిప్పుతారు. ఆత్మ గోడలోంచి రావాలంటే ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీస్తారు. తక్కువ ఖర్చుతో, చిన్న సెట్టుతో ఆయన చేసిన పని చూస్తే ఇప్పటికీ నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇంకో సంగతి. అందులో దెయ్యం ఎవరు? మోసపోయిన ఆడది. ఆమెను ఎదిరించేది ఎవరు? దేవుణ్ణి నమ్ముకున్న ఇల్లాలు. అంటే ఇద్దరు ఆడవాళ్లు కొట్టుకుంటారు, మోసం చేసిన మగవాడు మధ్యలో ఉంటాడు. అప్పట్లో మనకిది తప్పుగా అనిపించలేదు. ఇప్పుడు చూస్తే ఏమనిపిస్తోందమ్మా? ఆ, తల ఊపుతున్నారు. సరే, ముందుకెళ్దాం.

1980లో పున్నమి నాగు వచ్చింది. చిరంజీవి గారి మొదటి రోజుల సినిమా. పాములవాడు, పున్నమి వస్తే ఒంట్లో విషం లేస్తుంది. హీరో కావలసిన మనిషి తన శరీరాన్ని చూసి తనే భయపడటం మనవాళ్లు అక్కడ చూశారు. చిరంజీవి గారి నటన గురించి మాట్లాడేవాళ్లు ఈ సినిమాను ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

ఇక 80లలో భయం సినిమా హాల్లో కంటే వారపత్రికలో ఎక్కువ పుట్టింది. పెద్దవాళ్లకు తెలుసు. తులసిదళం! ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి సీరియల్. పత్రిక వచ్చే రోజు బడ్డీకొట్టు దగ్గర కాచుకుని కూర్చునేవాళ్లు. ఒక చిన్నపిల్ల మీద చేతబడి. ఒకవైపు మంత్రగాడు, ఒకవైపు డాక్టరు. ఎటు నమ్మాలో తేలకుండా వారం వారం లాక్కెళ్లారు. అందులోని కాష్మోరా అన్న క్షుద్రశక్తి పేరు విని వణకని పిల్లాడు లేడు. తులసిదళానికి కొనసాగింపుగా వచ్చిన తులసి నవలను 1986లో కాష్మోరా సినిమాగా తీశారు. ఈ రచనలకు క్షుద్ర సాహిత్యం అని పేరు పడింది. తగాదా కూడా పెద్దదే జరిగింది. రంగనాయకమ్మ గారు తులసిదళం మీద ఒక విమర్శ పుస్తకమే రాశారు. మూఢనమ్మకాన్ని సైన్సు మాటల్లో చుట్టి అమ్ముతున్నారు అన్నది అప్పటి విమర్శకుల కోపం. నేను ఆ సీరియల్ ఇష్టంగా చదివినవాణ్ణే. అయినా ఆ కోపంలో నిజం ఉందనే అంటాను. ఎందుకంటే 60లలో ఆఖర్న మనిషే చేశాడు అని తేల్చిన కథ, 80లకి వచ్చేసరికి ఏమో, చేతబడి నిజమేనేమో అన్న దగ్గర ఆగడం మొదలుపెట్టింది.

ఇప్పుడు 1992. రామ్ గోపాల్ వర్మ గారి రాత్రి. నాకు ఒకే ఒక్క తెలుగు హారర్ సినిమా ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను. తెలుగులోనూ హిందీలోనూ తీశారు, హిందీలో రాత్. రేవతి గారు, ఓం పురి గారు.

కథ ఏముంది? చాలా మామూలు కుటుంబం. అమ్మ, నాన్న, కాలేజీకెళ్లే అమ్మాయి, ఒక చిన్నపిల్లాడు. కొత్త ఇంట్లో దిగుతారు. రాజుల కోట కాదు, పాడుబడ్డ బంగళా కాదు. నేలమాళిగ ఉందనే గానీ, మనమందరం ఉండేలాంటి ఇల్లే. పిల్లాడు ఒక పిల్లిపిల్లను తెచ్చుకుంటాడు. కారు వెనక్కి తీస్తుంటే చక్రం కింద పడి చచ్చిపోతుంది. పిల్లాడికి తెలియకుండా పెరట్లో పాతిపెడతారు. తర్వాత చూస్తే పిల్లాడు ఆ పిల్లిపిల్లతోనే ఆడుకుంటూ ఉంటాడు.

అంతే. అస్థిపంజరం లేదు, కోరలు లేవు. పిల్లిపిల్ల, పిల్లాడు. చూస్తున్న తల్లిదండ్రుల ముఖాలు. ఇంతకంటే ఏం కావాలి భయానికి? విఠలాచార్య గారి పొయ్యి సీనుకీ దీనికీ చుట్టరికం ఉంది. రెండూ ఇంట్లో మామూలు వస్తువునే పట్టుకున్నాయి.

ఇందులో కెమెరా గురించి చెప్పాలి. అప్పటికి వర్మ గారు 1989లో శివ తీశారు. స్టెడీక్యామ్ అనే పరికరాన్ని అందులో వాడారు. మనిషి ఒంటికి కట్టుకుని నడిచినా పరుగెత్తినా బొమ్మ కుదుపు లేకుండా వచ్చే ఏర్పాటు అది. శివలో దాన్ని సైకిల్ చెయిన్ పట్టుకున్న కుర్రాళ్ల వెనక పరుగెత్తించారు. రాత్రిలో ఏం చేశారు? కెమెరాను నేల మీద నుంచి, మెట్ల మీదుగా, వసారాలోంచి మెల్లగా నడిపించారు. ఎవరో నడుస్తున్నారు, కానీ ఎవరూ కనపడరు. ఇంట్లోకి వచ్చింది దెయ్యం కాదు, కెమెరా. మనమే ఆ దెయ్యం కళ్లతో ఆ అమ్మాయిని చూస్తున్నాం. అదీ అసలు భయం.

ఇక సంగీతం. మణిశర్మ గారి తొలి పనుల్లో ఈ సినిమా నేపథ్య సంగీతం ఒకటి. తర్వాత ఆయన ఎన్ని హిట్టు పాటలు ఇచ్చారో మీకు తెలుసు. ఇక్కడ మాత్రం చాలాచోట్ల ఆపడం వల్లే భయపెట్టారు. శబ్దం ఆగిపోతే మనం చెవులు రిక్కిస్తాం. చెవులు రిక్కించినవాణ్ణి భయపెట్టడం తేలిక. ఇప్పటి సినిమాల్లో తలుపు తెరిస్తే దభీమని మోత, పిల్లి దూకితే దభీమని మోత. అది భయం కాదు, ఉలికిపాటు. ఉలికిపడ్డవాడు ఒక్క క్షణంలో మర్చిపోతాడు. భయపడ్డవాడు ఇంటికి తీసుకెళ్తాడు.

వర్మ గారే 1996లో దెయ్యం తీశారు, 2003లో హిందీలో భూత్ తీశారు. భూత్‌లో దెయ్యం ఎక్కడుంది? అపార్టుమెంటు ఫ్లాటులో. లిఫ్టు, కారిడారు, వాచ్‌మన్. అప్పటికే మన ఊళ్ల నుంచి పిల్లలు ఫ్లాట్లలోకి వెళ్లిపోతున్నారు. దెయ్యం కూడా వెళ్లింది.

అదే సమయంలో పల్లెటూరి ప్రేక్షకుణ్ణి మర్చిపోని ఇంకో పాయ ఉంది. 1995, అమ్మోరు. దర్శకుడు కోడి రామకృష్ణ గారు, నిర్మాత శ్యామ్‌ప్రసాద్ రెడ్డి గారు. సౌందర్య గారు, అమ్మవారిగా రమ్యకృష్ణ గారు. హాల్లో కొబ్బరికాయలు కొట్టారు, హారతులిచ్చారు, కొందరికి పూనకాలు వచ్చాయి. కంప్యూటర్ గ్రాఫిక్స్ జనానికి పరిచయమైంది ఇలాంటి సినిమాలతోనే. ఇక్కడ క్షుద్రశక్తి ఎంత భయపెట్టినా, గ్రామదేవత ఉందన్న ధీమా చివరిదాకా ఉంటుంది. రాత్రిలో ఆ ధీమా లేదు. రెండూ మూడేళ్ల తేడాలో వచ్చిన సినిమాలే.

చంద్రముఖి గురించి అడగాలని చూస్తున్నారు, నాకు తెలుసు. 1993లో మలయాళంలో ఫాజిల్ గారి మణిచిత్రతాళు, అక్కడి నుంచి కన్నడం, తమిళం, 2005లో చంద్రముఖిగా మనకూ వచ్చింది. మనసు జబ్బు గురించి అంత పెద్ద సినిమా రావడం మంచిదే. అయితే మూలంలో ఉన్న సున్నితం దారిలో కొంత పోయిందని నా అభిప్రాయం. మలయాళంలో శోభన గారి నటన చూడనివాళ్లు తప్పకుండా చూడండి.

అక్కడి నుంచి అరుంధతికి. 2009, సంక్రాంతి రోజులు. మళ్లీ కోడి రామకృష్ణ, శ్యామ్‌ప్రసాద్ రెడ్డి గార్లే. అనుష్క గారు. గద్వాల సంస్థానం, కోట, సమాధి. చూడ్డానికి దెయ్యం మళ్లీ కోటలోకి వెళ్లిపోయినట్టుంది. కానీ ఒకటి తిరగబడింది. ఏది?

ఇక్కడ దెయ్యం మగవాడు. పశుపతి. బతికున్నప్పుడు ఆడవాళ్ల మీద పడిన మృగం, చచ్చాక కూడా అదే కోరికతో సమాధిలోంచి పిలుస్తుంటాడు. సోనూ సూద్ గారి రూపం, రవిశంకర్ గారి గొంతు. ఆ గొంతులోని బొమ్మాళీ అన్న పిలుపు ఆయన ఇంటిపేరే అయిపోయింది. ఎదిరించేది ఒక ఆడమనిషి, ఏడుస్తూ దేవుణ్ణి వేడుకునే ఇల్లాలు కాదు. అరుంధతి పూర్వజన్మ అయిన జేజెమ్మ తన ఎముకలతో ఆయుధం తయారయ్యేలా ప్రాణం ఇస్తుంది. జగన్మోహినికీ దీనికీ మధ్య 31 ఏళ్లు. ఆ 31 ఏళ్లలో మన ఆడపిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలకెళ్లారు, బస్సుల్లో, ఆఫీసుల్లో పశుపతులను చూశారు. ఎవరిని చూసి భయపడాలో వాళ్లకు తెలిసింది. ఆ సినిమా అంత ఆడటానికి గ్రాఫిక్స్ ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను. బనగానపల్లెలో షూటింగు జరిగిన నవాబు బంగళాను ఇప్పటికీ అరుంధతి కోట అంటూ చూడటానికి వెళ్తున్నారంటే, అది జనం మనసులో ఎంత లోతుకు దిగిందో చూడండి.

2012లో రవిబాబు గారి అవును ఈ ఆలోచనను ఫ్యామిలీ ఇంట్లోకి తెచ్చింది. కొత్త జంట, కొత్త ఇల్లు, అన్నీ కొత్తవి. పూర్ణ గారి పాత్ర పేరు మోహిని. జగన్మోహినిలో మోహిని దెయ్యం, ఇక్కడ మోహినిని వెంటాడేది ఒక చచ్చిన మగవాడు. ఆమె గదిలో, స్నానాల గదిలో, మంచం దగ్గర కనపడకుండా నిలబడి చూస్తుంటాడు. ఇందాక బాత్‌రూమ్ అద్దం అన్నావు కదమ్మా, అదే ఇది. కొన్ని సీన్లలో కెమెరా ఆ మగదెయ్యంతో పాటు తనూ చూస్తూ నిలబడిపోయిందని నాకు ఇబ్బంది కూడా ఉంది. భయపెట్టడానికీ, ఊరికే చూపించడానికీ మధ్య గీత అక్కడ చెరిగిపోయింది.

తర్వాత కామెడీ హారర్ వరద. 2013 ప్రేమకథా చిత్రమ్, 2014 గీతాంజలి, 2015 రాజుగారి గది, 2017 ఆనందో బ్రహ్మ. ఒక ఇల్లు, నలుగురు నటులు, తక్కువ బడ్జెట్టు. నిర్మాతకు లెక్క సరిపోయింది, అందుకే వరసగా వచ్చాయి. వీటి మీద ఎక్కువ చెప్పను. ఒక్క కాంచన గురించి చెప్తాను, 2011, లారెన్స్ గారిది. నవ్వుల మధ్యలో ఒక ట్రాన్స్‌జెండర్ మనిషి కథ చెప్పారు, శరత్‌కుమార్ గారు చేశారు. ఆస్పత్రి కట్టాలని కొనుక్కున్న స్థలం లాక్కుని చంపేస్తారు. హాల్లో ఈలలు వేసిన జనం ఆ ఫ్లాష్‌బ్యాక్‌కి నిశ్శబ్దంగా కూర్చున్నారు. బతికున్నప్పుడు ఎవరూ వినని మనిషి మాట వినిపించడానికి దెయ్యం కథ ఎంత పనికొస్తుందో అక్కడ చూశాను.

ఇక ఇప్పటి మాట. 2022లో మసూద. సంగీత గారు ఒంటరి తల్లి, టీచరు. కూతురికి ఏదో పట్టింది. సాయం చేసేది ఎవరు? పక్క ఫ్లాటు కుర్రాడు, తిరువీర్ చేశాడు. వాడే పిరికివాడు. చేతులు వణుకుతుంటాయి, అయినా వదిలి వెళ్లడు. ఫ్లాట్లలో గోడకు గోడ ఆనుకుని ఉంటాం, పక్కింట్లో ఎవరున్నారో తెలియదు. ఆపదలో ఎవరొస్తారు? నన్ను ఆ సినిమా పట్టుకున్నది ఈ ప్రశ్నతో.

మరుసటి ఏడాది, 2023లో విరూపాక్ష, పొలిమేర 2. దెయ్యం మళ్లీ ఊరికి వెళ్లింది. విరూపాక్ష కథ ఎక్కువగా 1991లో జరుగుతుంది. అప్పటికి ఎందుకు తీసుకెళ్లారు? సెల్‌ఫోను లేదు. ఫోను ఉంటే ఊరు దిగ్బంధం ఎలా అవుతుంది, ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది! దర్శకులకు సెల్‌ఫోనే పెద్ద శత్రువైంది. విరూపాక్ష చాలా పట్టుగా తీసిన సినిమా. అజనీష్ లోక్‌నాథ్ సంగీతం, ఆ చెట్లు, ఆ గుడి.

కానీ ఇక్కడే నా మనసులో ఉన్నది చెప్పాలి. ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా. విరూపాక్ష మొదట్లో చేతబడి చేస్తున్నారని ఒక జంటను ఊరంతా కలిసి తగలబెడుతుంది. కథ ముందుకు వెళ్లేకొద్దీ చేతబడి నిజమేనని తేలుతుంది. సినిమాగా అది కుదిరింది. అయితే మన పల్లెల్లో ఈ అనుమానంతోనే నిజంగా మనుషులను చంపుతున్నారు. మెదక్ వైపు బాణామతి అనే చేతబడి పేరుతో ఏం జరిగిందో పెద్దవాళ్లు చెప్తారు. ఇవాళ్టికీ చేతబడి అనుమానంతో హత్య అని పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త వస్తుంది. చచ్చేది ఎవరు? ఎక్కువగా ఒంటరి ముసలివాళ్లు, వితంతువులు, పేదవాళ్లు, ఎదురు మాట్లాడలేనివాళ్లు.

60లలో దెయ్యం లేదు, మనిషే చేశాడు అని తేల్చిన సినిమా, ఇప్పుడు చేతబడి ఉంది, చేసినవాణ్ణి పట్టుకోండి అంటోంది. సాంకేతికంగా ఎంతో ముందుకొచ్చాం, ఈ ఒక్క విషయంలో వెనక్కి వెళ్లాం. సినిమా చూసి హత్యలు జరుగుతున్నాయని నేను అనడం లేదు. హత్యలు సినిమా పుట్టకముందు నుంచీ ఉన్నాయి. కానీ ఊరంతా కలిసి ఒకళ్లను తగలబెట్టే సీనులో మనం ఎవరి పక్కన నిలబడి చూస్తున్నాం? కెమెరా ఎక్కడ పెట్టారు? రాత్రిలో కెమెరాను దెయ్యం కళ్లలో పెట్టిన ధైర్యం మన దర్శకులకు ఉంది. ఆ కట్టేసిన మనిషి కళ్లలో ఎందుకు పెట్టరు?

సరే, ప్రశ్నలు అడగండి. ఆ బాబు చేయి ఎత్తాడు.

ఇంగ్లీషు వాళ్లలా పాటల్లేకుండా, గంటన్నరలో మనం ఎందుకు తీయమని అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. మనకు ఇంటర్వెల్ ఉంది. భయం అంటే మెల్లగా ఎక్కాల్సింది. సగంలో లైట్లు వేసి సమోసాలు అమ్మితే మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. అందుకే మనవాళ్లు ఇంటర్వెల్‌కి ముందు ఒక పెద్ద దెబ్బ కొడతారు, తర్వాత ఫ్లాష్‌బ్యాక్ పెడతారు. దెయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ రావడంలో ఇంటర్వెల్ చేయి ఉంది. ఓటీటీలో ఆ ఇబ్బంది లేదు. పొలిమేర మొదటి భాగం 2021లో నేరుగా ఓటీటీలోనే వచ్చింది. అక్కడ మార్పు వస్తుందని నా ఆశ.

చెప్పమ్మా. నువ్వు షార్ట్ ఫిల్మ్ తీస్తున్నావా? ఊళ్లో చేతబడి చేస్తుందని అందరూ అనుమానించే ముసలమ్మ కథ. బాగుంది. రెండు పనులు చెయ్యి. కెమెరాకు పెట్టే డబ్బులో సగం మంచి మైకుకు పెట్టు. అద్దెకు దొరుకుతుంది. రాత్రిపూట ఆ ఇంట్లోనే కూర్చుని అక్కడి శబ్దాలు ముందు రికార్డు చేసుకో, నెట్‌లో దొరికే అరుపులు వాడకు. రెండోది, ఆ ముసలమ్మ ఒంటరిగా ఉన్న సీన్లు కనీసం రెండు రాయి. ఏం వండుకుంటుంది, మందులు ఎవరు తెచ్చిస్తారు, పిల్లలు తలుపు మీద రాళ్లేసినప్పుడు ఆమె లోపల ఎక్కడ కూర్చుంటుంది. స్క్రిప్టు అయ్యాక ఇక్కడ లైబ్రేరియన్ గారికి ఇచ్చి వెళ్లు, వచ్చే ఆదివారం లోపు చదివి నా నంబరు నుంచి ఫోన్ చేస్తాను.